పాల వరస

ఆ సోమవారం పొద్దున దేవదారు అడవిలోంచి దిగిన పొగమంచు ఐన్ లర్జ్ మునిసిపాలిటీ ఆవరణలోకి వచ్చి, అక్కడ పక్కపక్కనే పెట్టిన మూడు ఇనప పొయ్యిల చుట్టూ కూర్చుంది. చలి కాచుకోవడానికి వచ్చిన ముసలివాళ్లలా ఉంది దాని తీరు. పొయ్యిల్లో మాత్రం ఇంకా నిప్పు లేదు.

తూదా శాలువా భుజాల మీదికి లాక్కుని మొదటి పొయ్యి ముందు గొంతుక్కూర్చుంది. వేలి కణుపుతో రేకు మీద తట్టి చెవి ఒగ్గింది. తలుపు తెరిచి చెయ్యి లోపలికి పోనిచ్చి అతుకుల వెంట వేళ్లు నడిపించింది. కొవ్వొత్తి వెలిగించి తలుపు అంచు చుట్టూ తిప్పుతూ మంట ఎటు వంగుతుందో చూసింది. మునిసిపాలిటీ పనుల విభాగంలో ఆమె చేసేది ఇదే. గోడ కట్టినా, గొట్టం వేసినా, పొయ్యి కొన్నా ముందు తూదా తట్టి చూడాలి. టెండరు కమిటీలో ఆమెకు ఒక కుర్చీ ఉన్నది అందుకే.

ఈసారి కొంటున్నవి కొండ మీది గూడేల బడులకు. పోయిన చలికాలంలో పై గూడెం బడిలో పొయ్యి అతుకు విచ్చుకుని గదంతా పొగ నిండింది. పంతులమ్మ పిల్లల్ని ఒక్కొక్కరినే ఎత్తుకొచ్చి బయట మంచులో పడుకోబెట్టింది. అందరూ బతికారు, దేవుడి దయ. అందులో ఒక పిల్ల మాత్రం ఇప్పటికీ పొయ్యి వెలిగిస్తే చాలు బడిలోంచి పారిపోతుందట. ఆ పొయ్యిలు పంపింది పట్నం వ్యాపారి ఘాలీ. ఈసారి కూడా ఆయన శాంపిల్ ఉంది. ఇప్పుడు తూదా తట్టిన మొదటి పొయ్యి అదే. రంగు నిగనిగలాడుతోంది, మోత మాత్రం పలచగా ఉంది.

రెండోది కింది లోయలో వెల్డర్లు పెట్టుకున్న సహకార సంఘానిది. మొరటుగా ఉన్నా గట్టి పొయ్యి.

మూడోదాని దగ్గరికి వచ్చేసరికి దాని మీద అంటించిన టెండరు అంకె చూడకుండానే ఎవరిదో తెలిసిపోయింది. లోపల, ఎవరి కంటా పడని చోట, రేకు అంచుల్ని కూడా ఆకురాయితో రుద్ది నున్నగా చేసి ఉంది. కట్టె పెట్టేటప్పుడు పిల్లల చేతులు కోసుకుపోకూడదని అలా రుద్దే మనిషి ఈ ఊళ్లో ఒక్కడే. తూదా కాసేపు ఆ అంచు మీదే వేళ్లు ఉంచింది. పొగమంచులో ఇనుము ఎందుకో గోరువెచ్చగా ఉన్నట్టనిపించింది. తర్వాత లేచి, తన పరిశీలనలో మూడో పొయ్యికి మొదటి స్థానం రాసింది. న్యాయంగానే రాసింది. రాశాక మళ్లీ వెనక్కి వచ్చి కొవ్వొత్తితో ఇంకోసారి చూసింది. న్యాయంగానే రాసిందా అని.

టీ పట్టుకొచ్చాడు అల్లాల్. మునిసిపాలిటీ తలుపులు తీసేదీ వేసేదీ, ఊరి కబుర్లు మోసేదీ ఆ ముసలాయనే. టీ గ్లాసుతో పాటు సంతకానికి ఒక కాగితం కూడా తెచ్చాడు. టెండరు వేసినవాళ్లలో ఎవరితోనూ తనకు రక్త సంబంధం గానీ వివాహ సంబంధం గానీ లేదని కమిటీ సభ్యులు ఇచ్చే హామీ అది. తూదా ఏటా పెట్టే సంతకమే. గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుని కుడి చేత్తో గీకేసింది.

అల్లాల్ సిరా ఆరేదాకా కాగితం వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఓ మాటడగనా లల్లా?" అన్నాడు, అమ్మగారూ అన్నట్టు. "కోప్పడకూడదు మరి."

"నువ్వడక్కుండా ఎప్పుడున్నావు గనక?"

"మూడో పొయ్యి బస్సూదే గదా. అయితే ఈ కాగితం ప్రకారం బస్సూ మీకేమీ కాడన్నమాట."

"కాగితంలో రక్తం, పెళ్లి అని ఉంది. ఆ రెండూ లేవు."

"మరింకేం! అతనికి పెళ్లాం లేదు, మీ ఆయన పోయి ఏళ్లయింది. వరస లేనప్పుడు అడ్డేముంది? ఈ శుక్రవారమే కానిచ్చేద్దాం. కుస్‌కుస్ విందు మా ఆవిడ చేత వండిస్తా."

తూదా పకపకా నవ్వింది. నవ్వుతూనే టీ పొరబోయింది. అల్లాల్ వీపు తట్టబోయి, మర్యాద కాదని ఆగి, ఆమె నెత్తికి పైన అరచెయ్యి గాల్లో ఆడించాడు. దగ్గు తగ్గాక చూస్తే ఆయన ముఖంలో నవ్వు లేదు.

"ఊరికే అన్నాలే లల్లా. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగితే ఊరు చూడదా అని..." అంటూ ఖాళీ గ్లాసు తీసుకుని పొగమంచులోకి వెళ్లిపోయాడు.

మర్నాడు సాయంత్రం తూదా బస్సూ తల్లి ఇత్తో ఇంటికి వెళ్లింది. మంగళవారం సంత అయ్యాక అక్కడికి వెళ్లడం ఆమె అలవాటు, ఎవరూ పెట్టింది కాదు. ఇత్తో కిటికీ కింద గొర్రెచర్మం మీద కూర్చుని ఉన్ని ఏకుతోంది. గదంతా తేలికైన తెల్లటి నూగు ఎగురుతోంది. అది వెలుతురులో తేలి, ఆమె నెత్తి మీదా తూదా కనురెప్పల మీదా మెల్లగా వాలుతోంది. ఆ ఇంట్లోకి అడుగు పెడితే తూదాకు ఎప్పుడూ సగం నిద్రలో ఉన్నట్టే ఉంటుంది. కాలిన కట్టె, తడి ఉన్ని, పుల్లబెట్టిన మజ్జిగ కలిసిన ఆ వాసన మాటలు రాకముందునుంచీ ఆమెకు తెలుసు.

"రావే. ఎండిపోయావేంటి? కూర్చో, తిను," అంది ఇత్తో. రొట్టె తుంచి, వెన్న రాసి, తేనె కాస్త ఒంపి చేతిలో పెట్టింది. "ఆ ఏడాది మీ అమ్మ జ్వరంతో పడిపోయింది. నిన్ను గొంగట్లో చుట్టి తెచ్చి నా ఒళ్లో పడేశారు. ఈ పక్క వాడు, ఆ పక్క నువ్వు. వాడు తాగుతూ తాగుతూ నిన్ను కాలితో తన్నేవాడు. నువ్వు వదిల్తేనా!"

ఈ కథ తూదా ఎన్నిసార్లు విన్నదో. విన్నప్పుడల్లా నిజంగా గుర్తున్నట్టే ఉంటుంది. చీకటి, వెచ్చదనం, ఇంకో చిన్న పాదం.

"అందుకే చెబుతున్నా," ఇత్తో గొంతు తగ్గించింది. "ఈ పొయ్యిల పని వాడికి రావాలి. రాకపోతే కొట్టు మూసేసి, సముద్రం వైపు పోతానంటున్నాడు, ఓడలకు అతుకులు వెయ్యడానికి. ఈ వయసులో నన్నొదిలి పోతాడే. బల్ల దగ్గర కూర్చునేదానివి నువ్వు. అన్నను చూసుకో. పాలు తాగింది ఊరికేనా?"

లోపలి గదిలో చేతులు కడుక్కుంటున్న బస్సూ గుమ్మంలోకి వచ్చాడు. వెడల్పాటి మనిషి. నిప్పురవ్వలు పడి మోచేతుల నిండా చిన్న చిన్న మచ్చలు. తూదా కంటే కొన్ని నెలలే పెద్ద, పెత్తనం మాత్రం తాతంత.

"అమ్మా, ఊరుకో."

"ఏమన్నాన్రా ఇప్పుడు?"

"ఊరుకోమన్నానా." తర్వాత తూదా వైపు తిరిగాడు. "శాంపిల్ గురించి నాకేం చెప్పకు. నేనూ అడగను. గురువారం అయ్యేదాకా మనం వాన గురించి మాట్లాడుకుందాం."

"వానెక్కడుంది, మంచేగా పడబోయేది," అంది తూదా.

"అయితే మంచు గురించి."

ఆ తర్వాత ముగ్గురూ నిజంగానే మంచు గురించి మాట్లాడుకున్నారు. సంతకం సంగతి ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. నిన్న నేనొక కాగితం మీద నువ్వు నాకేమీ కావని రాశాను అన్నా, అని చెబుదామనుకుంది. అది అలాంటి అర్థంతో రాసింది కాదని కూడా చెప్పాలి. చట్టం అంతవరకే అడిగిందని చెప్పాలి. ఎగిరే ఉన్ని నూగులో అంత పొడుగు మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక రొట్టె తినేసి లేచింది.

బుధవారం ఛైర్మన్ దహ్మాన్ పిలిపించాడు. పొట్టి మనిషి, తియ్యటి గొంతు. బల్ల మీద వేయించిన బాదం పప్పు ఎప్పుడూ ఉంటుంది. ఎవరొచ్చినా గిన్నె ముందుకు జరుపుతాడు.

"ఎవరో ఏదో వాగుతున్నారట, పాల సంబంధం అనీ అదనీ. మీరేం మనసులో పెట్టుకోకండి తూదా గారూ. నేను వకీలునడిగాను. టెండరు చట్టంలో రక్తం ఉంది, పెళ్లి ఉంది, పాలు లేవు. ఆ లెక్కన చూస్తే ఈ కొండల మీద ఎవరు ఎవరింట్లో పాలు తాగలేదు? కమిటీలు నడవవు. మీరు కూర్చోండి. మీలాంటి నిజాయితీపరులు లేకపోతే ఎలా?"

తూదాకు ప్రాణం తేలికపడింది. చట్టం తనవైపుంది, పొయ్యి మంచిది, ఛైర్మనే కూర్చోమంటున్నాడు. ఇంకేం కావాలి?

"తర్వాత ఎవరైనా ఫిర్యాదు చేస్తే?" అని అడిగింది, అడగాలి కాబట్టి.

"చెయ్యనీండి. మహా అయితే టెండరు రద్దవుతుంది. అప్పటికి మంచు పడిపోయి ఉంటుంది. అత్యవసరం కింద, టెండరుతో పని లేకుండా, సరుకు సిద్ధంగా ఉన్నవాళ్ల దగ్గర కొనేస్తాం. ఘాలీ గారి గోదాములో పొయ్యిలున్నాయట. పిల్లలకి చలి ఆగదు గదా! తినండి, బాదం తినండి."

రెండు పప్పులు నోట్లో వేసుకుని బయటికి వచ్చింది. మెట్ల కింద గదిలో పెళ్లి ఒప్పందాలు రాసే అదూల్ కిటికీ దగ్గర ఎండ కోసం కుర్చీ వేసుకుని ఉన్నాడు. ఎండ లేదు. తెల్లటి పొగమంచు వెలుగే ఆయన గడ్డం మీద పడుతోంది. తూదా ఆగింది. ఎందుకు ఆగిందో ఆమెకూ తెలియదు.

"తాతా, ఒక స్త్రీ దగ్గర పాలు తాగిన ఇద్దరికి పెళ్లి చెయ్యొచ్చా?"

ఆయన అద్దాలు పైకెత్తి చూశాడు. "ఎవరే ఆ పాపిష్టివాళ్లు?"

"ఊరికే అడుగుతున్నా."

"ఊరికే అడిగినా అదే జవాబు. తోడబుట్టినవాళ్లకి ఎంత నిషేధమో వాళ్లకీ అంతే. దేవుడి మాటా అదే, రాజ్యం రాసిన కుటుంబ చట్టమూ అదే." కాస్త ఆగి, పైకప్పు వైపు గడ్డం ఎగరేశాడు. "పైన మీ ఆఫీసులో వేరే చట్టం ఉందేమో నాకు తెలీదు. ఒకే రాజ్యం, ఒకే ముద్ర. కింద అన్నాచెల్లెళ్లు, పదిహేను మెట్లెక్కితే పరాయివాళ్లా?"

ముసలాయనకు అంతా తెలుసు. ఊళ్లో తెలియనిదెవరికి? తూదా నవ్వబోయి మానేసి ఇంటిదారి పట్టింది. దారంతా పొగమంచులో ఇళ్లు సగమే కనిపిస్తున్నాయి. గోడలు లేకుండా కిటికీలు మాత్రం తేలుతున్నట్టున్నాయి. తాను చేసింది తప్పు కాదని ఒక్కో కిటికీకి ఒక్కో కారణం చెప్పుకుంటూ నడిచింది. ఒక్క పైసా చేతులు మారలేదు. బస్సూ ఒక్క మాట అడగలేదు. పొయ్యి మంచిది. మంచి పొయ్యికి మంచి పొయ్యి అని రాయడానికి కూడా భయపడాలా? ఈతచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు జనం, అననీ. ఇలా అనుకుంటే ధైర్యం వచ్చింది. కానీ తను తాగింది నిజంగా పాలే గదా, ఆ పాలనే కాదన్నది గదా అని తోచేసరికి వచ్చిన ధైర్యం వచ్చినట్టే పోయింది.

గురువారం కమిటీ గదిలో కిటికీలు తెరిచే ఉంచారు. కవర్లు విప్పేది అందరూ చూడాలని నియమం. పొగమంచు కూడా చూడ్డానికి లోపలికి వచ్చినట్టుంది. పొడుగు బల్ల వెనక ఛైర్మన్, ఆయనకు కుడిపక్క ఖజానా అధికారి మక్కీ, ఎడమపక్క తూదా, చివర బడుల తరఫున వచ్చిన ఒక ఉపాధ్యాయుడు. మక్కీ పొడిపొడి మనిషి. ఎవరింటా టీ కూడా తాగడని పేరు. ఎదురుగా బెంచీ మీద టెండరు వేసినవాళ్లు. బస్సూ ఉతికిన పొడుగాటి జెల్లాబా అంగీ వేసుకుని, ఆ మచ్చల చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, బడిలో కొత్తగా చేరిన కుర్రాడిలా నిటారుగా కూర్చున్నాడు. లోయ సంఘం తరఫున వచ్చిన మనిషి గోళ్లు కొరుక్కుంటున్నాడు. ఘాలీ నారింజ వలుచుకుంటున్నాడు.

ఎంత తీరిగ్గా వలుస్తున్నాడో! తొక్క తెగకుండా ఒకే చుట్టగా. తూదా కళ్లు దాని మీదే పడ్డాయి. ఓడిపోబోయేవాడు ఇంత నిమ్మళంగా ఎలా ఉన్నాడు? బస్సూ పొయ్యి గెలుస్తుందని ఊరంతా చెప్పుకుంటోంది. ఘాలీ వినలేదా? వినే ఉంటాడు. గెలవాలనే కోరుకుంటూ ఉంటాడు. బస్సూ గెలిస్తే, చెల్లెలు బల్ల దగ్గర కూర్చుని గెలిపించిందని రేపు ఒక్క ఫిర్యాదు చాలు. టెండరు రద్దు. మంచు. అత్యవసరం. గోదాములో సిద్ధంగా ఉన్న పొయ్యిలు. బాదం గిన్నె ముందుకు జరిపిన ఛైర్మన్ చెయ్యి గుర్తొచ్చింది.

గంట కొట్టింది. ఛైర్మన్ కాగితం ఎత్తి పాటలా చదివేశాడు. "గడువు ముగిసింది. మూడు కవర్లు అందాయి. సభ్యుల్లో ఎవరికైనా టెండరుదారులతో సంబంధం ఉంటే ఇప్పుడే చెప్పాలి." ఊపిరి కూడా తీసుకోకుండా చుట్టూ చూశాడు.

తూదా నోరు తెరిచింది. మాట ఉంది, గొంతులో ఉంది. బస్సూ తలెత్తి ఆమెనే చూస్తున్నాడు. సోమవారం పెట్టిన సంతకం బల్ల మీదే, ఛైర్మన్ చేతి కింద ఉంది. ఇప్పుడు మాట్లాడితే అప్పుడు అబద్ధం రాసినట్టు. మాట్లాడకపోతే? ఆమె ఇంకా ఆలోచిస్తూనే ఉంది.

"ఎవరికీ లేదు," అన్నాడు ఛైర్మన్, కత్తెర చేతిలోకి తీసుకుంటూ.

ఆ మాట గదిలో ఎంత మామూలుగా పడిందంటే ఎవరూ కదల్లేదు. కదిలింది బస్సూ ఒక్కడే. లేచి నిలబడ్డాడు. ముఖం ఎర్రగా కందిపోయింది. కోపం కాదది. నలుగురిలో చెంప మీద దెబ్బ తిన్న మనిషి ముఖం.

"నా కవరు నాకిచ్చెయ్యండి."

"ఎందుకయ్యా?" అన్నాడు ఛైర్మన్. తియ్యటి గొంతు మొదటిసారి బొంగురుపోయింది.

"మా చెల్లెలు ఆ బల్ల దగ్గర కూర్చుంది. నాకు పనొద్దు. ఆమె కూర్చోవాలంటే నేను పోవాలి, అంతే. ఏమీ కానన్న మాట ఇంకోసారి వినలేను నేను."

"చూడు బస్సూ, చట్టం ప్రకారం ఆమె నీకు..."

"చట్టానికి పాలు అక్కర్లేదేమోనండి. మా అమ్మ బతికే ఉంది. ఆమెకి చెప్పి రండి, నువ్విచ్చింది పాలు కాదు నీళ్లని."

కిటికీ బయట ఎవరో కిసుక్కున నవ్వి ఆపేశారు. తూదాకు సిగ్గుతో కళ్లు మండాయి. అన్నకు పని పోకుండా కాపాడుతున్నాననుకుంది తను. వాడేమో పనిని చెత్తలా తోసేసి వరసను పట్టుకున్నాడు.

మక్కీ తాపీగా గోడ గడియారం చూశాడు, బస్సూను చూశాడు.

"కూర్చోవయ్యా. గడువు దాటాక కవరు వెనక్కిచ్చే అధికారం ఈ గదిలో ఎవరికీ లేదు. అది ఇక్కడే ఉంటుంది, విప్పుతాం కూడా." తర్వాత కుర్చీ తూదా వైపు తిప్పాడు. "ఇక మీ సంగతి. ఛైర్మన్ గారు చెప్పింది నిజమే, రక్తం, పెళ్లి అనే రాశారు. కానీ అక్కడితో ఆగలేదు. సభ్యుడి తీర్పును పక్కకు లాగే మరే బంధమైనా, మరే ప్రయోజనమైనా అని కూడా ఉంది. లంచం అంటే నోట్ల కట్టేనని చాలామంది అనుకుంటారు. చట్టం ఆ పక్కకు లాగడం గురించి మాట్లాడుతుంది. అదెవరికీ బయటికి కనపడదు. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను. లాగుతోందా?"

గదిలో అందరూ ఆమె వైపు చూశారు. ఉపాధ్యాయుడు, గోళ్లు కొరుక్కునే మనిషి, నారింజ తొనను నోటి దగ్గరే ఆపిన ఘాలీ. బస్సూ మాత్రం నేలకేసి చూస్తున్నాడు.

తూదాకు సోమవారం పొద్దున వేలికి తగిలిన ఆ నున్నటి అంచు గుర్తొచ్చింది. గోరువెచ్చటి ఇనుము. నిప్పు లేని పొయ్యి వెచ్చగా ఎందుకుంటుంది?

"లాగుతోంది," అంది. అందరికీ వినపడాలని ఇంకాస్త గట్టిగా మళ్లీ అంది. "లాగుతోందండి. అతను మా అన్న. ఒక్క ఒళ్లో పాలు తాగాం. సోమవారం నేను పెట్టిన సంతకం తప్పు. పొయ్యిల మీద నేను రాసింది కూడా కొట్టేసి, మీరే వెలిగించి చూసుకోండి. నేను వెళ్తాను."

"తూదా గారూ, తొందరపడకండి, మీరు లేకపోతే..." ఛైర్మన్ లేవబోయాడు.

"వెళ్లనివ్వండి. మొత్తం నమోదు చేస్తాను, ఆమె సంతకానికి ఏ చర్య ఉంటుందో పైవాళ్లు చూసుకుంటారు," అన్నాడు మక్కీ. ఆ పొడి గొంతులో దయ ఉందో లేదో ఎవరికీ తెలియలేదు.

కుర్చీ వెనక్కి జరిపి లేచింది. గది ఈ చివర నుంచి ఆ చివరకు నడవడం ఏదో కలలో నీళ్లలో నడిచినట్టుంది. బస్సూ పక్కనుంచి వెళ్తున్నప్పుడు అతను మోకాళ్లు పక్కకు తిప్పి దారిచ్చాడు. అంతే, తలెత్తలేదు.

ఆ తర్వాత జరిగిందంతా ఆమె ఆవరణలో గోడవారన అల్లాల్ వేసిన ముక్కాలిపీట మీద కూర్చుని చూసింది. మక్కీ కోటు విప్పి, కట్టెలు తెప్పించి, మూడు పొయ్యిలూ ఒకేసారి వెలిగింపజేశాడు. ఊళ్లో సగం మంది చేరారు. చలికి చేతులు చాపుతూ నిలబడ్డారు. మూడు గొట్టాలనుంచి మూడు పొగలు లేచి, పొగమంచులో కలిసి, ఏది పొగో ఏది మంచో తెలియకుండా పోయింది. మధ్యాహ్నం దాకా కట్టెలు వేస్తూనే ఉన్నారు. ఉన్నట్టుండి మొదటి పొయ్యి వెనక అతుకు దగ్గర సన్నటి ఎర్రటి గీత కనిపించింది. ఆ గీతలోంచి పొగ దారంలా బయటికొచ్చింది. ఉపాధ్యాయుడు చటుక్కున వెనక్కి జరిగి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పోయిన ఏడు పై గూడెంలో మంచులోంచి పిల్లల్ని ఇళ్లకు మోసినవాళ్లలో ఆయనా ఉన్నాడట. "ఇది వద్దు," అన్నాడు మక్కీతో, "ఇంకేం చూడక్కర్లేదు, ఇది వద్దు." ఘాలీ కారు ఎప్పుడు వెళ్లిపోయిందో ఎవరూ గమనించలేదు.

మిగిలిన రెండు పొయ్యిలూ నిలబడ్డాయి. మళ్లీ అందరూ లోపలికి వెళ్లి ధరల కవర్లు విప్పారు. తూదా బయటే ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఏం కోరుకోవాలో తెలియక, ఏదో ఒకటి కోరుకుంటూ కూర్చుంది. పని వాడికి రావాలనే కోరుకుంది. అబద్ధమెందుకు, మనస్ఫూర్తిగా అదే కోరుకుంది. ఇప్పుడు ఎంత గట్టిగా కోరుకున్నా తప్పు లేదు కదా.

మొదట అల్లాల్ బయటికొచ్చాడు. ఆయన ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

"లోయవాళ్లకి పోయింది లల్లా. వాళ్ల ధర తక్కువట. బస్సూది రెండో స్థానం. కొద్దిలో పోయింది, అయ్యో, కొద్దిలో."

ఆమె తలూపింది. లోయవాళ్ల పొయ్యి గట్టిదే. పిల్లలు వెచ్చగా ఉంటారు. ఏ తప్పూ జరగలేదు. అయినా గుండెలో ఏదో ఊడిపోయినట్టయింది. ఇక కొట్టు మూతపడుతుంది. బస్సూ సముద్రం వైపు వెళ్లిపోతాడు. ఇత్తో ఉన్ని ఏకుతూ, 'బల్ల దగ్గర కూర్చున్నదానివి లేచి ఎందుకొచ్చావే' అని ప్రతి మంగళవారం దెప్పుతుంది. దెప్పనీ.

బస్సూ మెట్లు దిగి వచ్చాడు. గెలవనివాళ్లు తమ శాంపిల్ తామే తీసుకుపోవాలి, అది నియమం. పొయ్యిలో బూడిద దులిపి, గొట్టం ఊడదీసి, చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇనుము ఇంకా వేడిగానే ఉంది. జెల్లాబా అంచు చేతికి చుట్టుకుని ఒక పక్క ఎత్తి చూశాడు. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. సోమవారం తెచ్చిన బండివాడు కింది లోయకు పోయాడు. సాయం పట్టడానికి ఇద్దరు ముగ్గురు కదిలారు.

"మీరుండండి," అన్నాడు బస్సూ. మెడ తిప్పి గోడవార చూశాడు. ఆమె బల్ల దగ్గరనుంచి లేచాక మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. "ఏమే, అక్కడ కూర్చుని ఏం చూస్తున్నావు? ఆ కొస పట్టుకో. శాలువా చుట్టుకో చేతికి, కాలుద్ది."

తూదా లేచింది. శాలువా తీసి రెండు మడతలు వేసి అరచేతులకు చుట్టుకుంది. ఇద్దరూ ఒక్కసారే ఎత్తారు. బరువు భుజాల్లోకి పాకింది. మునిసిపాలిటీ గేటు దాటి, పెళ్లిళ్లు రాసే ముసలాయన కిటికీ దాటి, సంత వీధిలోకి వచ్చారు. అప్పుడే మొదటి మంచు పలుకులు రాలడం మొదలైంది. వేడి ఇనుము మీద పడి చిటచిటమంటున్నాయి. దుకాణాల్లో జనం లేచి నిలబడి చూస్తున్నారు.

"అయ్యో లల్లా తూదా," అంది సుగంధద్రవ్యాలమ్మే ఆవిడ గుమ్మంలోకి వచ్చి, "ఆఫీసర్లు మీరు మొయ్యడమేంటి! ఎవరిదీ పొయ్యి?"

ముందు నడుస్తున్న బస్సూ ఆగలేదు. కానీ అతని అడుగు నెమ్మదించింది.

"మా అన్నది," అంది తూదా, వీధంతా వినపడేలా. జారుతున్న శాలువాను సర్దుకుని పట్టు మార్చుకుంది. ఇద్దరూ ఎగుడుదిగుడు రాళ్ల మీద అడుగు చూసుకుంటూ ఇత్తో ఇంటి వైపు మలుపు తిరిగారు.